మా గూట్లో బసవన్న: కంచా, ఇత్తడా, ఇంకేదన్నానా?

పోయిన సంవత్సరం బెంగుళూరులో ఫ్లాటు కొన్నాను. కొన్నాను అంటే బ్యాంకు వాడు కొన్నాడు, నేను ఇరవయ్యేళ్ళు కడతాను. మన సాఫ్టువేరు జనాలకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదనుకోండి. హాల్లో టీవీ పక్కన ఇంటీరియర్స్ అబ్బాయి ఒక గూడు పెట్టి, లోపల పసుప్పచ్చ లైటు కూడా బిగించాడు. "ఏదన్నా బ్రాంజ్ పీసు పెట్టండి సార్, రిచ్‌గా ఉంటుంది" అని ఉచిత సలహా కూడా పారేసి వెళ్ళాడు.

సరే అని ఆన్‌లైన్‌లో వెతికితే బుద్ధుడి తల, నటరాజు, చేతుల్లేని వీనస్, గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న రోడిన్ గారి ఆలోచనాపరుడు... ప్రపంచంలోని శిల్పాలన్నీ అరడుగు సైజులో బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్యలో "లేపాక్షి నంది, కంచు, యాంటిక్ ఫినిష్" అని ఒకటి కనబడింది. మాది పెనుకొండ దగ్గర పల్లె. లేపాక్షికి స్కూల్లో ఉండగా రెండుసార్లు, ఇంజనీరింగులో ఒకసారి వెళ్ళాను. ఇంకేం ఆలోచిస్తాం, కొనేశాను.

గృహప్రవేశానికి ఊరి నుంచి అవ్వ (మా నాన్న వాళ్ళమ్మ) వచ్చింది. ఇల్లంతా ఒక చుట్టు చుట్టి గూటి దగ్గర ఆగింది.

"ఏంరా నాయనా ఇది?"

"లేపాక్షి బసవన్న అవ్వా. కంచుది."

చేతిలోకి తీసుకుని గోటితో ఒక్కటి కొట్టింది. టక్ మంది. "కంచయితే ఖంగుమనాల గదరా. ఇది తలుపు కొట్టినట్లుంది" అంది. తర్వాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయినా మన బసవన్న తలెత్తుకోని సూస్తాంటాడు. ఈయప్ప తల దించుకోని ఉండాడే!" అంది.

నిజమే! లేపాక్షి బసవన్న గొప్పతనమే ఆ ఎత్తిన తల. మూడుసార్లు చూసి ఫోటోలు దిగినవాడిని, నాకు తట్టలేదు. మూడో తరగతి దాకా చదివిన అవ్వ ఒక్క నిమిషంలో నా కొనుగోలుకి రెండు బగ్గులు పట్టేసింది. :)

ఆ రాత్రి నా డిబగ్గింగ్ మొదలైంది. కింద అంటించిన నల్ల బట్ట పీకి చూస్తే లోపల బూడిద రంగు పదార్థం. వంటింట్లో కాటా మీద తూచి, మగ్గులో నీళ్ళు పోసి ముంచి, ఎన్ని నీళ్ళు పొర్లాయో కొలిచాను. ఆర్కిమెడిస్ సూత్రమే, టెన్త్ క్లాసుది. ఇత్తడి అయితే ఘనసెంటీమీటరుకి ఎనిమిదిన్నర గ్రాములు దాకా రావాలి, కంచు అయితే ఇంకొంచెం ఎక్కువ. నాకు రెండు కూడా రాలేదు. అమ్మినవాడి పేజీలో అడుగున చిన్నక్షరాల్లో చూస్తే అప్పుడు కనబడింది: "కోల్డ్ కాస్ట్ బ్రాంజ్". అంటే రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురులో కంచు పొడి కలిపి అచ్చులో పోయడం అన్నమాట. వాపసు ఇచ్చే గడువు ఎలాగూ అయిపోయింది.

కోపం తగ్గాక ఒక ప్రశ్న మిగిలింది. అసలు జనం పేరున్న శిల్పాలకి చిన్న లోహపు నకళ్ళు చేసుకుని ఇంట్లో పెట్టుకోవడం ఎప్పుడు, ఎందుకు మొదలైంది? రెండు నెలల పాటు వారాంతాల్లో గూగులించీ, పుస్తకాలు తిరగేసీ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చివర్లో మళ్ళీ మా అవ్వ దగ్గరికే వస్తాను.

ముందు లోహాల సంగతి. రాగిలో తగరం కలిపితే కంచు. రాగిలో జింకు కలిపితే ఇత్తడి. గంటలు పోసే కంచులో ఐదో వంతు దాకా తగరం ఉంటుంది, అందుకే అది ఖంగుమంటుంది. కంచు మోత గురించి వేమన పద్యం మనమంతా చిన్నప్పుడే బట్టీ పట్టాం కదా (వేమన సమాధి కూడా మా వైపే, కదిరి దగ్గర కటారుపల్లెలో ఉంది). కాకపోతే అవ్వ పరీక్షలో ఒక చిన్న లోపం ఉంది. విగ్రహాలు పోసే కంచులో తగరం తక్కువ, పైగా గట్టి ముద్దగా పోసిన విగ్రహం ఏ లోహమైనా గంటలా మోగదు. కానీ అంత మొద్దుగా టక్ మనదు లెండి. ఇంకో సంగతి, బజార్లో "బ్రాంజ్" పేరుతో మనకి అమ్మేవాటిలో చాలా భాగం ఇత్తడి మీద నల్లరంగు పట్టించినవే. ఇంగ్లీషులో రెండు మాటలూ దగ్గరగా ఉండటం అమ్మేవాడికి కలిసొచ్చింది.

ఇప్పుడు అసలు బసవన్న. లేపాక్షి గుడి 16వ శతాబ్దంలో, విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో కట్టింది. కట్టించింది విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు. బసవన్న ఉన్నది గుడిలో కాదు, ఊరి మొదట్లో. ఒకే గ్రానైటు గుండు, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల పట్టెడ, తల పైకెత్తి గుడిలోని నాగలింగం వైపు చూపు. బండ ఉన్నచోటే చెక్కిన శిల్పం కాబట్టి అది అక్కణ్ణుంచి కదిలేది కాదు. చూడాలంటే మనమే హిందూపురం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకో పదిహేను కిలోమీటర్లు పోవాలి. అడివి బాపిరాజు గారు ఈ బసవన్న మీద పాట కూడా రాశారు.

ఇరవయ్యేడు అడుగుల్ని ఆరంగుళాలకి దించితే పొడవులో 54 రెట్లు తగ్గినట్టు. ఘనపరిమాణంలో లెక్కేస్తే 54 గుణకారం 54 గుణకారం 54, అంటే లక్షా యాభై ఏడు వేల రెట్లు. అంత తగ్గించాక గంటలు చుక్కలవుతాయి, పట్టెడ గీత అవుతుంది. చివరికి మిగిలేది ఆ కూర్చున్న తీరు, తల ఎత్తిన కోణం. నాకు అమ్మినవాడు అది కూడా మిగల్చలేదు. మైసూరు చాముండి కొండ నంది తరహాలో ఎవరో చేసిన అచ్చుకి లేపాక్షి పేరు తగిలించాడేమో!

దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ ఒకటుంది. మొహెంజోదారోలో 1926లో దొరికిన కంచు "నర్తకి" ఎత్తు 10.5 సెంటీమీటర్లు. అరచేతిలో పట్టేస్తుంది. షాపుల్లో దాని నకళ్ళు అడుగు ఎత్తున కూడా ఉంటాయి. అంటే ఇంట్లో పెట్టుకునే నకలుకి అసలు సైజుతో పని లేదు, మన గూడు సైజుతోనే పని. :)

ఇంతకీ చిన్న నకలు చేసుకోవడం మనకి తెలియని విద్య ఏమీ కాదు. మన గుళ్ళలో ఎప్పట్నుంచో ఉన్నదే. మూలవిరాట్టు రాయి, కదలదు. ఊరేగింపుకి, సేవలకి లోహపు విగ్రహాలు ఉంటాయి. తిరుమలలో పల్లవ రాణి సామవై సమర్పించిన భోగశ్రీనివాసమూర్తి వెండి విగ్రహం మూలవిరాట్టుకి చిన్న ప్రతిరూపం. ఆ సంగతి శాసనంలోనే ఉంది. అంటే వెయ్యేళ్ళ కిందటే మనవాళ్ళు "కదలని పెద్ద విగ్రహం, కదిలే చిన్న విగ్రహం" అనే ఆర్కిటెక్చర్ వాడారు. అయితే ఆ చిన్న విగ్రహాన్ని ఎవరూ నకలు అనరు. దానికో పేరుంది, చేయించినవాళ్ళ పేరు రాసి ఉంది, రోజూ దానికి జరిగే పని ఉంది.

అదే తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడ్డ రాగి ప్రతిమలు చూసే ఉంటారు. క్యూలో తోసుకుంటూ వెళ్ళేటప్పుడు చాలామంది దాటిపోతారు. ఈసారి ఒక్క క్షణం ఆగండి. ఆ బొమ్మల భుజాల మీద ఎవరు ఎవరో పేర్లు చెక్కి ఉంటాయి. కాస్త ఈ పేర్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

విగ్రహం పోసే పద్ధతి కూడా పాతదే. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో వివరంగా ఉంది. మైనంతో బొమ్మ చేస్తారు, దాని మీద పొరలు పొరలుగా మట్టి పట్టిస్తారు, వేడి చేస్తే మైనం కరిగి బయటికి పోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు, చల్లారాక మట్టి పగలగొడతారు. మైనం బరువుకి ఏ లోహం ఎన్ని రెట్లు కరిగించాలో కూడా ఆ పుస్తకంలో ఉంది. మైనం సాంద్రత నీళ్ళకంటే కాస్త తక్కువ, రాగిది సుమారు తొమ్మిది రెట్లు. లెక్క వేసి చూసుకోవచ్చు.

ఈ పద్ధతిలో ముఖ్యమైన సంగతి ఏంటంటే, మైనం బొమ్మ కరిగిపోతుంది, అచ్చు పగిలిపోతుంది. రెండో విగ్రహం కావాలంటే స్థపతి మళ్ళీ మొదటి నుంచి మైనం పట్టుకోవాలి. ఒక అచ్చుకి ఒకే విగ్రహం. మన భాషలో చెప్పాలంటే కాపీ, పేస్టు కుదరదు, ప్రతిసారీ కోడ్ తిరిగి రాయాల్సిందే. అందుకే తంజావూరు వైపు ఒకే ధ్యానశ్లోకం ప్రకారం చేసిన నటరాజులు ఎన్ని ఉన్నా, ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు. ఆ పని స్వామిమలైలో ఇవాళ్టికీ నడుస్తోంది. 2023లో ఢిల్లీ జీ20 సమావేశాల హాలు ముందు నిలబెట్టిన ఆ పెద్ద నటరాజు అక్కడివాళ్ళు పోసిందే.

కాపీ, పేస్టు కనిపెట్టింది ఫ్రాన్సు వాళ్ళు. 1836లో అషీల్ కొలాస్ అనే ఆయన ఒక యంత్రం తయారు చేశాడు. ఒక కొస పెద్ద విగ్రహం మీద పాకుతూ పోతుంటే, రెండో కొస అదే ఆకారాన్ని చిన్న సైజులో చెక్కుతుంది. చిన్నప్పుడు బొమ్మలు పెద్దవి చెయ్యడానికి వాడే పాంటోగ్రాఫ్ గుర్తుందా, దాన్నే మూడు కొలతల్లో ఊహించుకోండి. రెండేళ్ళకి, అంటే 1838లో ఫెర్డినాండ్ బార్బెడియెన్ అనే వ్యాపారి ఆయనతో చేతులు కలిపాడు. ఈ బార్బెడియెన్ అంతకు ముందు ఏం చేసేవాడో తెలుసా? గోడలకి అంటించే కాగితం అమ్మేవాడు! అంటే హోం డెకార్ మనిషే అన్నమాట. గోడ అయిపోయింది, ఇక అల్మైరా మీద పడ్డాడు.

1820లో గ్రీసు దీవిలో దొరికి పారిస్ మ్యూజియం చేరిన వీనస్ విగ్రహాన్ని వీళ్ళు రకరకాల సైజుల్లో కంచులో పోసి అమ్మారు. కేటలాగు, అందులో కొలతలు, సైజుని బట్టి ధర. అప్పుడే డబ్బు చూస్తున్న మధ్యతరగతి కుటుంబాలు ఎగబడి కొన్నాయి. సొంత ఇల్లు వచ్చింది, గూడు వచ్చింది, గూట్లో పెట్టడానికి "మాకూ అభిరుచి ఉంది" అని చెప్పే వస్తువు ఒకటి కావాలి. నూటా ఎనభై ఏళ్ళ కిందటి పారిస్ గుమాస్తాకీ, ఇవాళ వైట్‌ఫీల్డ్‌లో ఉన్న నాకూ పెద్ద తేడా ఏమీ లేదు.

బతికున్న శిల్పులు కూడా ఈ వ్యాపారంలోకి వచ్చారు. 1898లో రోడిన్ తన "ముద్దు" శిల్పాన్ని చిన్న సైజుల్లో పోసి అమ్ముకునే హక్కు ఇరవయ్యేళ్ళకి బార్బెడియెన్ సంస్థకి రాసిచ్చాడు. అది కాపీ కాదా అంటే కాపీయే, కానీ లైసెన్సు ఉన్న కాపీ. తర్వాత తర్వాత ఫ్రాన్సులో నిబంధనలు గట్టిపడ్డాయి. ఒక శిల్పానికి పన్నెండు కంచు పోతల వరకే అసలు కింద లెక్క, అవి కూడా నంబర్లు వేసి ఉండాలి. మిగతా వాటి మీద "రిప్రొడక్షన్" అని కనబడేలా రాసి తీరాలి. అంటే నకలు అమ్మడం తప్పు కాదు, నకలు అని చెప్పకపోవడం తప్పు.

ఈ గాలి మన హైదరాబాదుకీ వీచింది. సాలార్‌జంగ్ మ్యూజియం అందరూ చూసే ఉంటారు. మేలిముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ ముందు నిలబడి "రాయిలో ముసుగు ఎలా చెక్కాడ్రా బాబూ" అని నోరెళ్ళబెట్టని తెలుగువాడు ఉండడు. దాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. చెక్కించిన బెంజోని దగ్గర పెద్ద వర్క్‌షాపు ఉండేది. గిరాకీని బట్టి ఆ రెబెక్కాని ఒకటికి నాలుగు చేయించాడు. అమెరికాలో ఉన్న మిత్రులు అట్లాంటా, డెట్రాయిట్ మ్యూజియాల్లో ఆవిడ అక్కచెల్లెళ్ళని చూడొచ్చు. ఇంకో సంగతి కూడా గమనించండి. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలైంది ఆయన వారసుల ఇల్లు దివాన్ దేవిడీలోనే, ఇప్పుడున్న భవనంలోకి మారింది 1968లో. అంటే మనం టికెట్టు కొనుక్కుని చూసేది ఒక ఇంటివాళ్ళ అలంకరణ సామాన్లే! యూరప్ నుంచి వచ్చిన పేరున్న శిల్పాల నకళ్ళు కూడా అందులో ఉన్నాయి. కొన్నవాడు దివాన్ అయితే మ్యూజియం, మనలాంటివాడయితే షోకేసు. :)

ఇక నటరాజు ఇళ్ళలోకి ఎలా వచ్చాడో చూద్దాం. ఒకప్పుడు అది పూర్తిగా గుడి విగ్రహం. ఆనంద కుమారస్వామి 1912లో శివుడి నాట్యం గురించి వ్యాసం రాసి, 1918లో అదే పేరుతో పుస్తకం వేశాక, బయటి ప్రపంచానికి నటరాజు ఒక "కళాఖండం" అయ్యాడు. అదే సమయంలో రోడిన్ కూడా మద్రాసు మ్యూజియంలోని నటరాజు మీద పరవశించి రాశాడు. అది 1921లో అచ్చయింది. తమాషా ఏంటంటే రోడిన్ ఆ విగ్రహాన్ని కళ్ళతో చూడలేదు, ఫోటోలు చూసి రాశాడు! 2004లో భారత ప్రభుత్వం జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనా కేంద్రానికి రెండు మీటర్ల నటరాజుని బహుమతిగా ఇచ్చింది. ఆ తర్వాత ఇంజనీర్ల ఇళ్ళలో నటరాజు పెట్టుకోవడానికి భక్తితో పాటు ఫిజిక్సు కూడా తోడయ్యింది.

నకలు ఎంత పని చెయ్యగలదో చెప్పే కథ కూడా నటరాజుదే. కుంభకోణం దగ్గర శివపురంలో 1951లో పొలంలో కొన్ని కంచు విగ్రహాలు బయటపడ్డాయి, అందులో ఒక నటరాజు. 1954లో దాన్ని బాగు చెయ్యడానికి ఒక స్థపతికి ఇచ్చారు. కొన్నాళ్ళకి గుడికి తిరిగొచ్చింది మాత్రం నకలు. అసలుది చేతులు మారి, 1973లో అమెరికాలో నార్టన్ సైమన్ అనే సేకర్త దగ్గరికి 9 లక్షల డాలర్లకి చేరింది. మధ్యలో 1965లో బ్రిటిష్ మ్యూజియంకి చెందిన డగ్లస్ బారెట్, గుడిలో ఉన్నది కొత్తగా చేసిన నకలని తన పుస్తకంలో రాసేదాకా పెద్దగా ఎవరికీ అనుమానం రాలేదు. భారత ప్రభుత్వం కోర్టుల చుట్టూ తిరిగాక 1986లో అసలుది వెనక్కి వచ్చింది. అన్నేళ్ళు హారతి తీసుకున్నది నకలే. హారతి ఇచ్చినవాళ్ళ భక్తి నకిలీ అనగలమా? అనలేం. కానీ నకలు అని తెలియకుండా పెట్టినవాడు చేసింది మాత్రం దొంగతనమే.

ఇక్కడ ఆగి మా ఊరికి వస్తాను. ఎందుకంటే ఈ చరిత్రంతా లోహం ఇంట్లోకి రావడం గురించి. మా అనంతపురం వైపు చరిత్ర, లోహం ఇంట్లోంచి పోవడం గురించి.

మాకు ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. అది కూడా చెనక్కాయ పూత మీద ఉన్నప్పుడు పడదు, పీకేటప్పుడు పడుతుంది. 1876-78 నాటి పెద్ద కరువులో, అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం (విడిగా జిల్లా అయింది 1882లో), జనం ముందు నగలు, తర్వాత రాగి, ఇత్తడి సామాన్లు అమ్ముకుని తిండి గింజలు కొన్నారు. ఆ పద్ధతి నా కాలం దాకా మారలేదు. బ్యాంకు లేని ఇంట్లో గంగాళమే ఫిక్స్‌డ్ డిపాజిట్. మంచి ఏడాది కొంటారు, చెడ్డ ఏడాది తూకానికి అమ్ముతారు.

2002 కరువుకి నాకు ఐదేళ్ళు. మా పెరట్లో నీళ్ళు కాచే పెద్ద ఇత్తడి గంగాళం ఉండేది. నన్ను అందులో కూర్చోబెట్టి స్నానం చేయించేవాళ్ళు. ఒకరోజు చూస్తే లేదు. దాంతో పాటు మూడు బిందెలు, రెండు పెద్ద తపేలాలు కూడా పోయాయి. మా తాత వాటిని సైకిల్ మీద కట్టుకుని పోయి తూకానికి అమ్మి, అప్పుకి వడ్డీ కట్టి, గడ్డి కొనుక్కుని వచ్చాడట. ఆ బిందెల మీద అవ్వ పుట్టింటివాళ్ళ పేరు, పెళ్ళి తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కి ఉండేవి. మీ ఇళ్ళలో కూడా ఉంటాయి కదా, కొత్త సామాను కొనగానే పేరు కొట్టించడం. కాటా మీద ఆ పేర్లకి బరువు లేదు. ఇత్తడి ఇత్తడే.

మరి ఆ ఇత్తడి ఎక్కడికి పోయింది? పాత ఇత్తడి ఎప్పుడూ పారెయ్యరు, కరిగిస్తారు. ఇత్తడి బొమ్మలకి, సామాన్లకి పేరున్న ఊళ్ళు ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్, అలీగఢ్. అక్కడ కొలుముల్లో పడే సరుకులో పాత ఇత్తడి చాలా ఉంటుంది. అవ్వ బిందె అలా ఏ బుద్ధుడి తలగానో, ఏ నందిగానో మారి ఎవరి హాల్లోనో పసుప్పచ్చ లైటు కింద కూర్చుని ఉండొచ్చు. కనుక్కునే దారి లేదు. ఈ ఆలోచన వచ్చిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. గంగాళం అమ్మి చదివించిన ఇంటివాడిని, జీతం వచ్చాక మొదటగా చేసిన పని, దానికి పదింతల ధర పెట్టి ప్లాస్టిక్ బసవన్నని కొనడం.

ఇది విని "అయితే షోపీసులు కొనొద్దంటావా" అని మీరు అడగొచ్చు. అస్సలు కాదు. రాయల కాలం వాళ్ళు చేయించారు, పారిస్ వాళ్ళు కొన్నారు, సాలార్‌జంగ్ కొన్నాడు, మనమూ కొందాం. నా ఇంట్లో లేపాక్షి గుర్తు ఒకటి ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. ధర్మవరం చీరల మీదకి లేపాక్షి గుడి డిజైన్లు ఎక్కి ఎన్నేళ్ళయింది! అదీ నకలే. కాకపోతే అది ధర్మవరం మగ్గం మీద, లేపాక్షి తెలిసిన చేతులతో నేసిన నకలు. అడిగితే ఏ డిజైను ఏ మండపం నుంచి వచ్చిందో చెప్పగల నకలు.

నా బాధల్లా పేర్ల గురించే. రాయల భుజం మీద పేరుంది. అవ్వ బిందె మీద పేరుంది. రోడిన్ కంచు మీద నంబరుంది. నా గూట్లో ఉన్నదాని మీద ఏదీ లేదు, పైగా ఒక ఊరి పేరు అబద్ధంగా తగిలించి ఉంది. ప్రభుత్వ హస్తకళల షాపులకి "లేపాక్షి" అని పేరు పెట్టి ఆ పేరుని రాష్ట్రమంతా తిప్పారు (2014 తర్వాత తెలంగాణలో ఆ షాపులు "గోల్కొండ" అయ్యాయి). అంత విలువున్న పేరు. ఊరు మాత్రం 2022లో జిల్లా మారి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది తప్ప, మిట్టమధ్యాహ్నం వెళితే ఇప్పటికీ అదే ఎండ, అదే బండ.

కొనే ఉద్దేశం ఉన్నవాళ్ళకి నా అనుభవంతో నాలుగు ముక్కలు:

ఒకటి, లోహం ఏంటో బిల్లు మీద రాయించుకోండి. "బ్రాంజ్ ఫినిష్", "బ్రాంజ్ కలర్", "కోల్డ్ కాస్ట్" అంటే కంచు కాదు. అనుమానం ఉంటే కాటా, మగ్గు నీళ్ళు చాలు. బొమ్మ లోపల బోలుగా ఉంటే మాత్రం ఆ ఖాళీలోకి నీళ్ళు పోయేలా ముంచండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

రెండు, ఎలా పోశారో అడగండి. మైనం పద్ధతా, ఇసుక అచ్చా, రబ్బరు అచ్చా? మూడింటికీ ధరలో చాలా తేడా ఉండాలి. తేడా లేదంటే ఎక్కడో తిరకాసు ఉన్నట్టే.

మూడు, మన దగ్గర చేసేవాళ్ళని ఒకసారి చూడండి. జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి రేకు పని, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, ఆదిలాబాద్ డోక్రా (మైనం పద్ధతే, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది). వీళ్ళ దగ్గర వీనస్ దొరకదు, అది నిజమే. కానీ చేసినవాడి పేరు అడిగితే చెప్తారు.

నాలుగు, అమెరికా వెళ్ళే మిత్రులకి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన విగ్రహాలు దేశం దాటించడం నేరం. మీ ఇత్తడి నటరాజు మొన్న కొన్నదే అయినా, యాంటిక్ ఫినిష్ పుణ్యమా అని ఎయిర్‌పోర్టులో పాతది లాగా కనబడొచ్చు. బిల్లు దగ్గర పెట్టుకోండి. పెద్దవైతే ఇది పురావస్తువు కాదు అని పురావస్తు శాఖ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకోండి. మిమ్మల్ని మోసం చెయ్యడానికి వేసిన నల్లరంగే మిమ్మల్ని దొంగని చేస్తే బాగోదు కదా.

చివరగా గూటి సంగతి. ఇదంతా చదివాక ఆ బసవన్నని తీసేసి, అమ్మకుండా మిగిలిన ఒకే ఒక్క ఇత్తడి చెంబు, అవ్వ పేరున్నది, అక్కడ పెడదామనుకున్నాను. ఫోన్ చేసి అడిగాను.

"నీళ్ళు తాగే చెంబును తీస్కపోయి అల్మైరాలో పెడ్తావా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అంది.

"మరి ఇక్కడ ఏం పెట్టాల అవ్వా?"

"ఆ తల దించుకున్నోడే ఉండనీ పాపం. యాడికి పోతాడు? ఈసారి వచ్చినప్పుడు లేపాక్షికి తీస్కపో నన్ను. సూసి ఇరవై ఏండ్లాయ."

సంక్రాంతికి వెళ్తున్నాం. నేను ఒక టేపు కూడా తీసుకెళ్తున్నాను, తల ఎత్తిన కోణం కొలవడానికి. ఈలోపు మీ గూట్లో ఏముందో, అది దేనితో చేసిందో ఒకసారి గోటితో కొట్టి చూసి నాకు చెప్పండి.